చెప్పుల బీరువా

సోమవారం

ఈ డైరీ మావారు తెచ్చి ఇచ్చారు. ఎవరో ప్రయాణికుడు బస్సులో వదిలేసి పోయాడట. కిందటేడాదిది, ఒక్క అక్షరం కూడా రాయలేదు. "నీ తిట్లన్నీ ఇందులో రాసుకో. గోడలకీ నాకూ కాస్త విశ్రాంతి," అన్నారు. సిటీ బస్సు డ్రైవరు కదా, రోజంతా హారన్లు విని ఇంటికొస్తే ఇక్కడ నేనొక హారన్ని. సరే, రాస్తాను. తిట్టడానికి నాకు విషయాలు కరువా?

మొదటి తిట్టు మా సారుకి. వీధుల్లో బతికే ఆడపిల్లలకి తిండీ నీడా ఇచ్చే హోమ్‌కి ఆయన మేనేజరు. ఆ వీధుల్లో చొక్కా మడత నలిగేంతసేపు ఎప్పుడూ నిలబడిన మనిషి కాదు. ఈ రోజు మీటింగు పెట్టి, రాత్రుళ్ళు పిల్లలు గోడ దూకి పోతున్నారు, ఆపే మార్గం చెప్పండి అన్నాడు. ఎందుకు పోతున్నారో ముందు వాళ్ళనే అడుగుదాం సార్ అన్నాను. తల ఊపాడు, అంతే. వంటావిడ "పెద్ద కుక్కని పెంచుదాం సార్" అంది. అది మాత్రం రాసుకున్నాడు.

ఒళ్ళు మండిపోయింది.

ఒక్క మంచి జరిగింది. మిరియం ఎడమ బూటు విప్పి పడుకుంది.

మంగళవారం

మిరియం దాని అసలు పేరు కాదు, వంటావిడ పెట్టింది. అసలు పేరడిగితే రోజుకొకటి చెబుతుంది. వయసూ అంతే, ఒకరోజు పదిహేను, ఒకరోజు పద్దెనిమిది. చూస్తే ఇంతే ఉంటుంది, కొరికినప్పుడు తెలుస్తుంది. ఇది వట్టి మాట కాదు, వచ్చిన రోజు కాళ్ళు కడుగుదామని బూటు మీద చెయ్యి వేశాను, కొరికేసింది. పంటిగాటు ఇంకా మానలేదు.

అవి కట్టడం పని చేసే మగవాళ్ళు వేసుకునే బూట్లు. దాని పాదాలకి రెండింతలుంటాయి, లోపల గుడ్డపేలికలు కుక్కుకుంది. వాటితోనే తింటుంది, వాటితోనే పడుకుంటుంది. దుప్పటి నిండా మట్టి.

"విప్పితే ఏమవుతుందే?" అని అడిగాను ఒకసారి.

"పోతాయి."

"పోతే?"

"పరిగెత్తలేను. పరిగెత్తలేకపోతే దొరికిపోతాను." ఎవరికి అని నేను అడగలేదు. దాని మొహం చూశాక అడగాల్సిన పని లేకపోయింది.

ఇక బూట్ల ఊసెత్తలేదు. పడుకునే వేళకి రోజూ దాని మంచం పక్కన కూర్చుని మావారి మీద, బస్సు మీద, వంటావిడ మీద కబుర్లు చెప్పేదాన్ని. కొన్నాళ్ళకి లేసులు వదులు చేసింది. తర్వాత ముడి విప్పింది. నిన్న ఎడమది. ఈ రోజు రెండూ విప్పి, తలగడ కింద పెట్టుకుని, వాటి మీద చెయ్యేసి పడుకుంది. ఆ పాదాలు చూడాలి. నానిపోయి, ముడతలు పడి, నీళ్ళలోంచి తీసినట్టున్నాయి. వేళ్ళు కదుపుకుంటూ వాటికేసి తనే వింతగా చూసుకుంది.

ఇంటికొచ్చి చెబుతూ ఏడ్చేశాను. "నేను రోజూ బూట్లు విప్పుతాను, ఒక్కసారన్నా ఏడ్చావా?" అన్నారు మావారు.

"రోజూ ఏడుస్తాను, వాసనకి," అన్నాను.

బుధవారం

కుక్క రాలేదు. బీరువా వచ్చింది.

ఇనప బీరువా, కొత్తది, రంగు వాసన ఇంకా పోలేదు. ఈ రోజు నుంచి రాత్రి భోజనం కాగానే పిల్లలందరి చెప్పులూ అందులో పెట్టి తాళం వేయాలట. "చెప్పుల్లేకుండా ఎంతదూరం పోతారమ్మా?" అన్నాడు సారు. గొంతు ఎప్పుడూ పెంచడు. అదే నాకు మంట.

నేను పెంచాను. జైలా ఇది అన్నాను. రెక్కలు కత్తిరించి గూట్లో పెడతారా అన్నాను. ఇంకా చాలా అన్నాను. అంతా విని ఆయన అన్నది ఒక్కటే. "మొన్న వర్షాల్లో వెళ్ళిపోయి లారీ కింద పడిన పిల్లని గుర్తుపట్టడానికి మార్చురీకి వెళ్ళింది నేనమ్మా. మీరు కాదు."

నిజమే, ఆయనే వెళ్ళాడు. తర్వాత వారం రోజులు భోజనం ముట్టలేదని వంటావిడ చెప్పింది. తిట్టాలనుకున్న మనిషి పూర్తిగా దుర్మార్గుడైతే ఎంత హాయిగా ఉండేదో!

తాళంచెవి నా చేతిలో పెట్టాడు. పిల్లలు మీ మాట వింటారు అన్నాడు. తీసుకున్నాను. ఇంకెవరి చేతిలోనో ఉండేకంటే నా దగ్గరుంటేనే నయం. నయమే కదా.

మిరియం అందరికంటే చివర వచ్చింది. బూట్లు గుండెకి అదుముకుని నిలబడింది.

"పొద్దున్నే ఇస్తావా?"

"ఇస్తాను."

"నువ్వేనా? ఆ వాచ్‌మన్ కాదు. నువ్వే ఇవ్వాలి."

"నేనే. మొదటి బస్సుకి వచ్చి, నా చేత్తో ఇస్తాను."

నా డ్యూటీ మధ్యాహ్నం నుంచి పిల్లలు పడుకునే దాకా. అయినా సరే. మిరియం బూట్లు ఇచ్చింది. నా చేతికివ్వలేదు, బీరువాలో తనే పెట్టుకుంది, తలుపు దగ్గరగా, తీయగానే కనపడేలా. తాళం నేనే వేశాను. చాలా తేలిగ్గా పడింది.

గురువారం

మొదటి బస్సంటే మావారి బస్సే. ఏడింటికి మా వీధి చివరికొస్తుంది. వెళ్ళేసరికి మిరియం బీరువాకి వీపు ఆనించి కూర్చుని ఉంది, తలుపుకి తనే కాపలా అన్నట్టు. బూట్లిచ్చాను. తొడుక్కుని, లేసులు బిగించి, లేచి నిలబడి, "టీ తాగావా అక్కా?" అంది.

ఆ పిల్ల నన్నొక మాట అడగడం ఇదే మొదటిసారి. తాగాను అని చెప్పాను. తాగలేదు.

శుక్రవారం, పొద్దున

లేచిన దగ్గర్నుంచీ మంటగా ఉంది. బస్సుకి ఇంకా టైముంది కదా, కడుపులోది కక్కేసి వెళ్తాను.

నిన్న సాయంత్రం హోమ్‌కి దాతలొచ్చారు. పెద్ద కార్లు. పిల్లలందరినీ వరసగా నిలబెట్టారు. ఒకావిడ సెంటు వాసన నడవా చివరిదాకా కొట్టింది. ఆ బీరువా చూసి "ఓహో, ఎంత పద్ధతిగా ఉంది! చెప్పులు కూడా సర్దుకోవడం నేర్పారన్నమాట" అని మెచ్చుకుంది. పద్ధతట! ఆవిడ చెప్పులు తీసి అందులో పడేసి తాళం వేసి, ఇక కారు దాకా నడవండమ్మా అందామనుకున్నాను. నాలుక చివరిదాకా వచ్చింది. సారు నా మొహం చూసి "ఈమె మా దగ్గర చాలాకాలంగా పనిచేస్తోంది" అన్నాడు. చాలాకాలంగా పనిచేసి నేనేం నేర్చుకున్నానయ్యా అంటే తాళం వేయడం.

మనం చేసే పనేమిటి? నమ్మకం లేని పిల్లకి నమ్మకం కలిగించడం. అది ఒక్కొక్క లేసు ముడిగా వస్తుంది. దాన్ని తీసుకెళ్ళి ఇనప డబ్బాలో పెడతారు. ఈ పిల్లల్ని పోలీసులు తరుముతారు, దుకాణాలవాళ్ళు తరుముతారు, తాగినవాళ్ళు తరుముతారు. పారిపోవడం ఒక్కటే వాళ్ళకి తెలిసిన విద్య, దాంతోనే ఇంతకాలం ప్రాణాలతో ఉన్నారు. ఆ విద్య వదిలేయమని అడగాలంటే దానికి బదులు చేతిలో ఏదైనా పెట్టాలి కదా. మనం ఏం పెట్టాం? గోడ మీద గాజుపెంకులు పెట్టాం. ఆ గోడ సంగతి చెప్పాలంటే ఇంకో నాలుగు పేజీలవుతుంది. గోడ దూకి పోతున్నారని పెంకులు, పెంకులున్నా పోతున్నారని బీరువా, రేపు బీరువా ఉన్నా పోతున్నారని కాళ్ళకి

వీధి చివర ఎవడో హారన్ మోగిస్తున్నాడు, చెవులు చిల్లులు పడేలా. పొద్దున్నే ఏం రోగమో. ఈ ఊళ్ళో మనుషులకి ఓపికన్నది లేదు.

కాళ్ళకి సంకెళ్ళేస్తారు. ఆ మాట సారు మొహం మీదే అనేస్తాను ఈ రోజు. తాడో పేడో తేలిపోవాలి. నోట్లో నాలుక లేనట్టు ఉండడం నా వల్ల కాదు. ముందు దాతల సంగతి ఎత్తుతాను, తర్వాత గోడ, తర్వాత

ఏడున్నర అయిపోయింది. అయ్యో.

శుక్రవారం, సాయంత్రం

మిరియం లేదు.

శనివారం

బస్సు ఆలస్యమైంది.

నేను వెళ్ళేసరికి పిల్లలందరూ ఉత్తికాళ్ళతో టిఫిను బల్లల దగ్గరున్నారు. మిరియం చాలాసేపు బీరువా దగ్గరే కూర్చుందట. వాచ్‌మన్ అటుగా వెళ్తూ "మీ అక్క రాదులే, ముసుగుతన్ని పడుకుని ఉంటుంది" అన్నాడట. నవ్వులాటకన్నానమ్మా అంటాడు. నీ నవ్వు పాడుగాను! ఆ మాట విని అది లేచి వెళ్ళిందట, వెనకవైపు గోడెక్కింది. చీకట్లో కాదు, ఎండలో, అందరూ ఉండగా. ఎవరూ చూడలేదు.

గాజుపెంకుల మీద రక్తం ఉంది. ఇటువైపు కాదు, దూకిన వైపు.

బీరువా తీశాను. బూట్లు తలుపు దగ్గరగా అలాగే ఉన్నాయి. సారు నా వెనకే నిలబడి ఆ బూట్లకేసి చూశాడు. ఏమన్నా అని ఉంటే బాగుండేది. వాచ్‌మన్‌ని మాత్రం నడవా అదిరిపోయేలా కడిగి పారేశాను.

బస్సు ఆలస్యం కాకపోయి ఉంటే.

ఆదివారం

దాని గురించి రాయను.

పోతే పోయింది. ఎంతమంది పోలేదు? వచ్చినవాళ్ళందరినీ నెత్తిన పెట్టుకుంటే ఈ ఉద్యోగం చేయలేం. కూర బాగా మాడింది. మావారు అలాగే తిన్నారు. గోడ మీద పెంకులుంటే దూకేటప్పుడు పాదం మధ్యలో దిగుతుందా, మడమలోనా? వేళ్ళయితే త్వరగా మానుతుంది. నానిపోయిన పాదాలవి, మెత్తగా ఉంటాయి.

రాయనన్నాను.

సోమవారం

సారు బీరువా, దాతల గొప్పలు, వాచ్‌మన్ నోరు, ఆలస్యంగా వచ్చిన బస్సు, ఈ నాలుగూ కలిసి ఆ పిల్లని వెళ్ళగొట్టాయని పొద్దున మావారితో అన్నాను. అరిచాను. ఆయన బూట్లు తొడుక్కుంటున్నారు.

"ఏ బస్సు?" అన్నారు.

"శుక్రవారం బస్సు."

"ఆ బస్సు నాదే." తలెత్తకుండా లేసు కట్టుకుంటూ చెప్పారు. "ఏడింటికే వచ్చాను. నువ్వు స్టాపులో లేవు. హారన్ కొట్టాను. కండక్టరు విసుక్కుంటున్నా మళ్ళీ కొట్టాను. జనం తిడుతుంటే ఇక ఆగలేక తీసేశాను."

శుక్రవారం పేజీ తిప్పి చూశాను. ఉంది. నా చేత్తో నేనే రాశాను. అది మావారి హారనని నాకు తెలియదా? ఇరవయ్యేళ్ళుగా వింటున్నాను. విన్నాను. రాస్తున్న వాక్యం పూర్తిచేసి వెళ్దామనుకున్నాను. వాక్యం మంచి ఊపు మీద ఉంది.

ఆ పిల్ల కోసం కోపంతో రాసుకుంటూ కూర్చుని ఆ పిల్లనే పోగొట్టుకున్నాను. చెంపలు వాయించుకోవాలనిపిస్తోంది. మావారు వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "డైరీ తెచ్చింది నేనే కదా," అన్నారు. దాంతో ఇంకా కోపమొచ్చింది. నా తప్పులో కూడా వాటా కావాలి ఈయనకి.

బుధవారం

బూట్లు బ్యాగులో వేసుకుని తిరుగుతున్నాను. కూరగాయల మార్కెట్టు, వంతెన కింద, సిగ్నళ్ళ దగ్గర. అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. పెన్నులమ్మే ఒక పిల్ల బ్యాగులోకి తొంగిచూసి, "దాని బూట్లు నీ దగ్గరెందుకున్నాయి?" అంది.

బ్యాగు మూసేసి ముందుకి నడిచాను.

గురువారం

మావారు ఫోన్ చేశారు. బస్సు డిపో వెనక పాత టైర్ల గుట్టలో ఎవరో పిల్ల మూలుగుతోందని క్లీనర్ చెబితే వెళ్ళి చూశారట. "నీ మిరియమే అనుకుంటా. దగ్గరికి పోతే రాయి విసిరింది."

అయితే అదే.

టైరు మధ్యలో ముడుచుకుని ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. కుడికాలికి సంచిగుడ్డ చుట్టుకుంది, దాని మీద ఈగలు. నన్ను చూసి రాయి తీసింది. విసరలేదు, విసిరే ఓపిక లేదు. బూట్లు తీసి దాని ముందు పెట్టి, నేను కాస్త దూరంగా నేల మీద కూర్చున్నాను. ఎడమది తొడుక్కుంది. కుడిది పట్టలేదు. మళ్ళీ తోసింది. మళ్ళీ. పాదం బూటంత వాచి ఉంది. చివరికి ఆ బూటుతోనే నన్ను కొట్టింది, భుజం మీద తగిలింది.

"ఇస్తానన్నావు! నీ చేత్తో ఇస్తానన్నావు!"

"అన్నాను."

"ఎందుకు రాలేదు?"

బస్సు అని నోటిదాకా వచ్చింది. పక్కనే మావారు నిలబడి ఉన్నారు.

"రాసుకుంటూ కూర్చున్నాను. బస్సు పోయింది."

"ఏం రాశావు?"

"తిట్లు."

"ఎవర్ని?"

"మా సారుని. కార్లలో వచ్చినవాళ్ళని. అందర్నీ."

"నన్నా?"

"లేదు. ఇప్పుడు తిడతాను. ఈ కాలుతో ఇన్నాళ్ళు ఇక్కడ పడి ఉంటావా, బుద్ధుందా నీకు? చచ్చిపోతావే!"

నా గొంతు డిపో అంతా మోగింది. అది నాకేసి కళ్ళార్పకుండా చూసింది. ఆ తర్వాత ఎత్తుకోబోతే మావారిని కొరకలేదు. కుడిబూటు మాత్రం చేత్తో పట్టుకునే వచ్చింది.

శనివారం

పాదం చీరి చీము తీశారు. గాజుముక్క లోపలే ఉండిపోయిందట. ఇంకో రోజు ఆగి ఉంటే వేళ్ళు తీసేయాల్సి వచ్చేదన్నాడు డాక్టరు. బతికిపోయింది, వేళ్ళూ దక్కాయి. ఆసుపత్రి ఆయా బూట్లు బయట పెట్టమంటే వాటి లేసులు మణికట్టుకి కట్టుకుని పడుకుంది.

సారు వచ్చాడు. మడత నలగని చొక్కాతో మంచం చివర నిలబడి కట్టుకేసి చూశాడు. నడవాలోకి తీసుకెళ్ళాను.

"చెప్పుల్లేకుండా ఎంతదూరం పోతారని అడిగారు కదా సార్. చూడండి, ఇంత దూరం."

ఆయన మొహం పాలిపోయింది. "ఈ అమ్మాయి బూట్లు తన దగ్గరే ఉంచుకోనిద్దాం," అన్నాడు.

"ఈమె ఒక్కదానికేనా? మిగతావాళ్ళు కూడా వచ్చి ఇలా మంచమెక్కితేగానీ వాళ్ళ చెప్పులు వాళ్ళకివ్వరా?" అన్నాను. ఆసుపత్రి అని కూడా చూడలేదు. నర్సు వచ్చి వేలు చూపించి వెళ్ళింది. తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టాను. "ఇక నేను వేయను. నన్ను తీసేస్తారో, మీరే వేసుకుంటారో మీ ఇష్టం. శుక్రవారం నేను ఆలస్యంగా వచ్చాను, అది నా తప్పు, దాన్ని మీ మీద రుద్దను. కానీ తాళం లేకపోతే నా ఆలస్యానికి ఆ పిల్ల గోడెక్కాల్సిన పని లేదు."

ఆయన తాళంచెవి అరచేతిలో తిప్పి చూసుకుంటూ నిలబడ్డాడు. మార్చురీ గుర్తొచ్చిందేమో. నాకు జాలేసింది, దానికీ కోపమొచ్చింది.

సోమవారం

ఆసుపత్రి నుంచి పంపేశారు. రోజూ కట్టు మార్చాలి, తడి తగలకూడదు. టైర్ల గుట్టలో అదెలా కుదురుతుంది? హోమ్‌కి రమ్మని అడిగాను. రానంది. బూట్లు ఎవరూ తీసుకోరన్నాను. "అప్పుడు కూడా ఇస్తానన్నావు" అంది. ఇక ఏమనాలో తెలియక, కోపంతో, "అయితే ఏం చేస్తే నమ్ముతావే?" అని అరిచాను.

చాలాసేపు నా కాళ్ళకేసి చూసింది.

"నీ చెప్పులు నా దగ్గర పెట్టు."

"ఏమిటీ?"

"రాత్రికి నేను ఉంటాను. నీ చెప్పులు నా దగ్గరుంటాయి. పొద్దున్నే వచ్చి తీసుకో. నా చేత్తో ఇస్తాను."

నవ్వు రాలేదు నాకు. దానికీ రాలేదు.

హోమ్‌కి తీసుకొచ్చి మంచం ఎక్కించి, నా చెప్పులు విప్పి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి, అరిగిన మడమ చూసి, తలగడ కింద పెట్టుకుంది. తన బూట్లు మంచం కింద పెట్టింది. మిగతా పిల్లలు చుట్టూ చేరి చూస్తున్నారు. ఈ రోజు బీరువాకి ఎవరూ తాళం వేయలేదు. సారు గదిలోనే ఉన్నాడు, బయటికి రాలేదు.

బస్సులో ఉత్తికాళ్ళతో నిలబడ్డాను. ఒకాయన బూటుకాలితో నా వేలు తొక్కి, పైగా నన్నే కసిరాడు. స్టాపు నుంచి ఇంటికి రోజూ నడిచే వీధే, ఇన్ని రాళ్ళున్నాయని ఇన్నేళ్ళూ తెలియదు. కంకర, పెంకులు, ఒక మేకు. ఎండకి నేల ఇంకా చల్లారలేదు. మున్సిపాలిటీని తిట్టాను, కంట్రాక్టరుని తిట్టాను. నా చెప్పులు అవతల బీరువాలో తాళం పడి ఉన్నట్టు ఊహించుకుని, పొద్దున ఎవరూ రాకపోతే అనుకుని, ఆగిపోయాను. వీధి మధ్యలో నిలబడి ఏడ్చాను.

"చెప్పులేవీ?" అన్నారు మావారు.

"మిరియం దగ్గర."

నీళ్ళు కాచి తెచ్చారు. బీరువాలో పెళ్ళిళ్ళకి వేసుకునే జత ఉంది, తీయనా అన్నారు. వద్దన్నాను. పొద్దున కూడా వద్దు. వేసుకుంటే మోసం చేసినట్టవుతుంది.

మంగళవారం

పాదాలు మంటగా ఉన్నాయి. సారు ఇంకా ఏ సంగతీ తేల్చలేదు, ఆ బీరువా అక్కడే ఉంది. ఈ రోజు ఆయన్ని వదిలిపెట్టేది లేదు. ఏమేమనాలో వరసగా రాసుకుందామని పొద్దున్నే కూర్చున్నాను. మొదటి మాట ఏమిటంటే

హారన్.